మావయ్యకి నేను తెప్పించిన చెవుడు

అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం. కర్పూరం చిన్న బిళ్ళే, అదీ చెయ్యి కాలకముందే ఊదేశాననుకోండి. అయినా ప్రమాణం ప్రమాణమే. నా మాటకి మా వాళ్ళలో ఉన్న విలువ నాకు తెలుసు. "రాంబాబు గోదారికి వరదొచ్చిందన్నాడంటే ముందెళ్ళి పెరట్లో కుళాయి కట్టారో లేదో చూసుకోండి" అంటారు. కానీ ఈ సంగతిలో మాత్రం నేను కొత్తగా కల్పించాల్సిన అవసరం పడలేదు. కల్పనకి అందనంత తెలివితక్కువతనం నా దగ్గరే సొంతంగా ఉండేది.

సంగతేమిటంటే, శుభ్రంగా వినపడే ఒక మనిషికి నేను ఒక్క మధ్యాహ్నంలో చెవుడు తెప్పించాను. మందు పెట్టలేదు, దెబ్బ కొట్టలేదు. రెండే రెండు ఇంగ్లీషు ముక్కలతో తెప్పించాను. ఆ మనిషి ఎవరో కాదు, మా అమ్మకి స్వయానా అన్నయ్య, వీర్రాజు మావయ్య. పైగా ఆ చెవులు మామూలు చెవులు కావు. ఆ ఇంటికి అన్నం పెట్టే చెవులు.

మావయ్యది కొత్తపేట దగ్గర కురిడీ కొబ్బరి వ్యాపారం. తెలియనివారి కోసం చెబుతాను. ముదురు కొబ్బరికాయల్ని ఏడాదిపాటు అటక మీద పడుకోబెడితే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా ఊడి వస్తుంది. అదీ కురిడీ. అది తయారయిందో లేదో పగలగొట్టకుండా చెప్పాలంటే చెవి దగ్గర పెట్టి ఆడించి వినాలి. మీకూ నాకూ వినపడేది ఒకటే చప్పుడు, గడగడ. మావయ్యకి అదే గడగడలో పంచాంగం వినపడేది. "ఇంకా చెంచాడు నీళ్ళున్నాయి, పక్షం రోజులాగండి." "ఇది విడిచింది, దింపేయండి." "ఇది పైకి నవ్వుతోంది గాని లోపల కుళ్ళు." ఉత్తరాది నుంచి లారీలతో వచ్చే షావుకార్లు కాయ పగలగొట్టి చూసేవారు కాదు, మావయ్య మొహం చూసేవారు. ఒక పెళ్ళిలో మూడో వరసలో కూర్చుని, పురోహితుడు పెళ్ళికూతురి చేతిలో పెట్టబోతున్న బొండాం చప్పుడు విని "అయ్యా, అది కుళ్ళండి, ఇంకోటి తెప్పించండి" అన్నాడట. సన్నాయి మేళం జోరుగా వాయిస్తుండగా! ఇది నేను కళ్ళారా చూడలేదు, చెవులారా విన్నాను.

ఇక నా సంగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను రాజమండ్రిలో మూడు నెలల హార్డ్‌వేరు కోర్సు పూర్తిచేశాను. పూర్తిచేశానంటే, మూడు నెలలూ పూర్తయ్యాయి. మా అమ్మ బంధువులందరికీ ఫోన్లు చేసి "మావాడు కంప్యూటరు ఇంజినీరండి" అని చెప్పేసింది. కొత్త వైద్యుడికంటే పాత రోగి మేలన్నారు పెద్దలు. కొత్త ఇంజినీరు కంటే చెడిపోయిన యంత్రం మేలని ఎవరూ అనలేదు. అప్పటికి నేనింకా రంగంలోకి దిగలేదు కదా.

మావయ్య కూతురు సుధ ఇంటర్ చదువుతోంది. ఆ పిల్ల కోసమని మావయ్య ఒక కంప్యూటరు కొన్నాడు. కొన్నది ఆ పిల్ల కోసం, ప్రేమలో పడింది ఈయన. ఎవరో ఆయనకి పాత నాటకాల పద్యాలన్నీ ఒకే సీడీలో పోసి ఇచ్చారు. "ఒరే, రెండొందల పద్యాలు! అప్పడమంత లేదురా ఇది!" అని సీడీని వెలుతురుకి పట్టుకుని తిప్పి తిప్పి చూసేవాడు. అయితే మంగ అత్తయ్య శాసనం ఒకటుంది. పిల్ల చదువుకునే వేళ ఇంట్లో స్పీకర్లు మోగకూడదు. పిల్ల ఎప్పుడూ చదువుకుంటూనే ఉంటుంది. కాబట్టి స్పీకర్లు ఎప్పుడూ మోగకూడదు.

"దీనికి మార్గం హెడ్‌ఫోను" అని నేను ఇంజినీరు గొంతుతో ప్రకటించి, రాజమండ్రిలో ఒకటి కొని, రావులపాలెంలో అరటిగెలల బళ్ళ మధ్య బస్సు గంటసేపు ఇరుక్కుపోయినా ఒడిలోంచి దించకుండా పట్టుకెళ్ళాను.

ఆ రోజు మావయ్య ఇస్త్రీ చొక్కా, జరీ పంచె కట్టుకుని కంప్యూటరు ముందు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. అత్తయ్య మానిటరుకి బొట్టు పెట్టింది. నేను మావయ్య తలకి హెడ్‌ఫోను తగిలించి, పద్యం పెట్టాను. రాగం ఎత్తుకోగానే మావయ్య కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమేవ్!" అని ఊరంతా వినపడేలా అరిచాడు. "నటుడు నా బుర్రలో కూర్చుని పాడుతున్నాడే!"

"ఖాళీ ఉంది కదండి, కూర్చుంటాడు మరి" అంది అత్తయ్య.

ఆయనకది వినపడలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ముప్ఫయ్యేళ్ళ కిందట చాపలేసుకుని తెల్లార్లూ విన్న పద్యం, శ్వాస తీసుకున్న చప్పుడుతో సహా వినపడుతోందట. మూడు పద్యాలయ్యాక, చెవులకున్నది తీసి తీగని వేళ్ళతో తడుముతూ అడిగాడు.

"ఒరే రాంబాబూ, తీగ మధ్యలో ఈ కాయేంట్రా?"

చూశాను. చిక్కుడు గింజంత కాయ, పక్కన గరుగ్గా ఏదో ఉంది. మా కోర్సులో చూపించిన హెడ్‌ఫోనుకి అలాంటిది లేదు. పాఠకులారా, ఇక్కడ "తెలీదు మావయ్యా" అని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది, మీకూ కాలం కలిసొచ్చేది. కానీ మూడు నెలలు చదివినవాడు తెలీదని ఎలా అంటాడు?

"జాయింటు" అన్నాను. "రెండు తీగలూ అక్కడ కలుస్తాయి. బరువుకి వేలాడితే లోపల తెగిపోద్ది. దాన్ని మొలలో దోపుకుని కూర్చో."

"మొలలోనా?"

"ఆఁ, మొలలోనే. అందరూ అంతే."

మావయ్యకి ఆ సలహా ఎంతో నచ్చింది. ఆయన చుట్టలూ, తాళాలూ, చిన్న కత్తీ అన్నీ ఉండేది లుంగీ మొలలోనే. ఇంత కొత్త వస్తువుకి ఇంత పాత చోటు దొరికినందుకు సంతోషపడ్డాడు.

మర్నాడు సాయంత్రం సుధ ఫోను. "బావా, నాన్నకి పద్యాలు వినపడట్లేదంట."

"సౌండు పెంచమను."

"పెంచాం. పూర్తిగా పెంచాం."

వెళ్ళాను. మావయ్య లుంగీ, బనీనుతో తయారుగా కూర్చుని ఉన్నాడు. "ఒరే, నటుడు బావిలో పడ్డట్టున్నాడు. ఎక్కడో అడుగునుంచి పాడుతున్నాడు."

"లే, నేను చూస్తాను."

మావయ్య లేచి, మొలలోంచి తీగని లాగి, సరంజామా నా చేతికిచ్చాడు. నేను కూర్చుని, ప్యాంటు ముడతలు సవరించుకుని, హెడ్‌ఫోను పెట్టుకున్నాను. మొదటి రాగానికే చెవుల్లో పిడుగు పడింది. తీసి బల్లమీద పడేశాను.

"బ్రహ్మాండంగా ఉంది కదా మావయ్యా!"

ఆయన ఆశగా కూర్చున్నాడు. నేను చెప్పినట్టే బుద్ధిగా మొలలో దోపుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తల అడ్డంగా ఊపాడు. "లేదురా. మళ్ళీ బావిలోకే పోయాడు."

మూలనున్న పసుపుపచ్చ స్పీకరు బొమ్మ మీద రెండుసార్లు నొక్కాను. మీటల వరస తెరుచుకుంది. అన్నిటినీ పైకంటా నెట్టాను. "ఎక్కడో మ్యూట్ కొట్టేసి ఉంటుంది" అని గొణుక్కున్నాను.

"మూటలు ఇక్కడెందుకుంటాయిరా, కొట్లో ఉన్నాయి" అన్నాడు మావయ్య.

"మూట కాదు, మ్యూట్. నోరు మూయించడం."

"అలాంటిదొకటుందా?" అని మావయ్య వంటింటి వైపు చూశాడు. "ఎక్కడ నొక్కాలి?"

"నాకు వినపడుతోందండి!" అంది అత్తయ్య లోపల్నుంచి.

రెండో రోజు కేసు విప్పాను. సౌండు కార్డు ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ గుచ్చాను. లోపల కాపురముంటున్న బల్లి ఒకటి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అద్దె అడగడానికొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. బల్లికి ఇల్లు పోయిందే గాని, నటుడు బావిలోంచి రాలేదు.

మూడో రోజు విండోసు మొత్తం చెరిపి కొత్తగా ఎక్కించాను. దాంతోపాటు సుధ రెండు వారాలు కూర్చుని ఒక్కొక్క ఈకా గీసిన నెమలి బొమ్మ కూడా చెరిగిపోయింది. "నా నెమలేది బావా?" అని అడిగింది. "ఎగిరిపోయింది" అన్నాను. ఆ పిల్ల నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

నాలుగో రోజు అదే కొట్లో, అదే రకం హెడ్‌ఫోను ఇంకోటి కొనుక్కొచ్చాను. దానికీ అదే కాయ. మావయ్య చూడగానే "జాయింటు" అని తనే గుర్తుపట్టి, తనే దోపుకున్నాడు. మళ్ళీ బావే.

ప్రతిసారీ నేను కూర్చుంటే పిడుగు, ఆయన కూర్చుంటే బావి. నేనప్పుడు నడుం మీద చేతులేసుకుని, మా సారు పాఠం చెప్పినట్టు చెప్పాను. "చూడండి. కార్డు బాగుంది. విండోసు కొత్తది. హెడ్‌ఫోను కొత్తది. నాకు వినపడుతోంది. ఈ మొత్తంలో మారనిది ఏమిటి?"

గదిలో అందరి చూపులూ మావయ్య చెవుల మీదకి పోయాయి. మావయ్య చెయ్యి కూడా చెవి మీదకే పోయింది.

శాస్త్రీయంగా నిరూపించాలి కదా! ఆయన్ని గోడవైపు తిప్పి నిలబెట్టాను. పది అడుగులు వెనక్కి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గుసగుసగా అన్నాను. "మావయ్యా, గేదె కట్టు తెంచుకుంది."

మావయ్య కదల్లేదు.

ఇంకోసారన్నాను. "గేదె వీధిలోకి పోతోంది."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను అత్తయ్య వైపు తిరిగి, అవధాని సమస్య పూరించినంత ధీమాగా తీర్పు చెప్పాను. "హియరింగ్ ప్రాబ్లం."

ఇవే పాఠకులారా, ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు. తెలుగులో చెప్పి ఉంటే నన్ను తన్ని పంపేవారు. ఇంగ్లీషులో చెప్పేసరికి కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు.

ఆ మాట సాయంత్రానికి వీధి చివరికి, మర్నాటికి సంత దాకా పోయింది. పాపం, ఊరివాళ్ళందరికీ మావయ్యంటే ప్రేమ. ఆ ప్రేమకొద్దీ అందరూ అరవడం మొదలుపెట్టారు. టీకొట్టు అతను "చక్కెర వెయ్యనా అండీ!" అని అరిస్తే కాలవ అవతలివాళ్ళు "వెయ్యండి!" అనేవారు. గుళ్ళో పూజారి గోత్రం అరిచిన అరుపుకి పావురాలు లేచిపోయాయి. అత్తయ్య మాత్రం పాతికేళ్ళుగా మనసులో అనుకున్నవన్నీ పైకి, గట్టిగా అనడానికి ఒక వైద్యకారణం దొరికినట్టు ఉత్సాహంగా ఉండేది. మధ్యలో జాలి కూడా పడేది. రోజూ రాత్రి వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవుల్లో పోసి, దూది కుక్కేది. ఆ దూదితో నిజంగానే సగం వినపడేది కాదు. దాంతో నా తీర్పుకి సాక్ష్యం కూడా దొరికింది.

"డాక్టరుకి చూపిద్దాం మావయ్యా, అమలాపురం వెళ్దాం" అన్నాను.

"వద్దురా" అన్నాడు. "నువ్వు చెప్పావు, చాలు. ఇంకోడు కూడా చెబితే తట్టుకోలేను."

అప్పుడైనా నాకు గుండె కలుక్కుమనాలి. అనలేదు. నేను రాజమండ్రి వెళ్ళిపోయి, స్నేహితులకి ఈ కేసు గురించి గొప్పగా చెప్పుకుంటున్నాను. యంత్రం లోపాన్ని మనిషిలో కనిపెట్టిన మొదటి ఇంజినీరుని నేనేనని!

మళ్ళీ ఫోను చేసింది సుధే. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"బావా, నాన్న అన్నం సరిగ్గా తినట్లేదు. కొట్లో కాయ పట్టుకుని ఒకటికి నాలుగుసార్లు ఆడిస్తున్నాడంట. విని, మళ్ళీ అక్కడే పెట్టేస్తున్నాడంట. 'నాకేదో వినపడుతోంది గాని అది నిజంగా వినపడుతోందో, అలవాటుకొద్దీ అనుకుంటున్నానో తెలియట్లేదే' అన్నాడు అమ్మతో. గురువారం షావుకారు లారీతో వస్తున్నాడు. ఏడాది సరుకు. ఇకమీదట కాయ విని తీర్పు చెప్పనని, ఆ మాట ఆయనకే చెప్పేసి కొట్టు అద్దెకిచ్చేస్తానంటున్నాడు."

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"వినపడుతోందా బావా?"

"వినపడుతోంది."

"నాన్నకి ఆ పని తప్ప ఇంకోటి రాదు" అని పెట్టేసింది.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? తప్పు ఎక్కడుందో వెతకాలి. నేనలా చెయ్యలేదు. గొంతు చిన్నదైతే గొంతు పెంచాలి గాని మనిషిని దిగులుపెట్టకూడదని, తెలిసిన మైకుసెట్టు కొట్లోంచి పెళ్ళిళ్ళకి పెట్టే ఆంప్లిఫయరు ఒకటి బతిమాలి తెచ్చాను. బియ్యం బస్తా అంత ఉంది. దాన్ని హెడ్‌ఫోనుకి కలిపితే మావయ్యకి పద్యం వినపడుతుంది, పద్యం వినపడితే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే కాయ వినపడుతుంది. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నవాడు నాకంటే నయం, వాడు ఆంప్లిఫయరు మొయ్యలేదు.

గురువారం పొద్దున్న బస్సు దిగేసరికి కుండపోత. ఆంప్లిఫయరు తడవకూడదని నా చొక్కా విప్పి దానికి కప్పాను. ఇంటికి చేరేసరికి అది పొడిగా ఉంది, నేను గోదాట్లోంచి తీసిన గోనెలా ఉన్నాను. మావయ్య అప్పటికే కొట్టుకి వెళ్ళిపోయాడు.

"ముందా తడి ప్యాంటు విప్పరా, జలుబు చేస్తుంది" అని అత్తయ్య మావయ్య లుంగీ ఒకటి నా మీదకి విసిరింది.

లుంగీ కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆంప్లిఫయరు కలిపేముందు మామూలుగా ఎలా ఉందో ఒకసారి విందామని హెడ్‌ఫోను పెట్టుకున్నాను. పద్యం అందుకుంది. చెవుల్లో పిడుగు. తీగ ఒళ్ళో అడ్డంగా పడుంటే, నా సలహా నాకే గుర్తొచ్చి, కాయని మొలలో దోపుకున్నాను.

నటుడు బావిలో పడ్డాడు.

చెవులు రుద్దుకున్నాను. ఆవులించాను. ముక్కు మూసుకుని గాలి బిగబట్టాను. ఎక్కడో అడుగునుంచి, దోమ పాడినట్టు, పద్యం.

"అత్తయ్యా!" అని అరిచాను. "నాకూ వచ్చేసింది!"

"ఏం వచ్చిందిరా?"

"చెవుడు!"

"అయ్యో! మేనమామ పోలిక!" అని అత్తయ్య గుండెలు బాదుకుంటూ వెల్లుల్లిపాయల కోసం పరిగెత్తింది.

సుధ పుస్తకం మూసి వచ్చింది. నా తల మీదనుంచి హెడ్‌ఫోను తీసి తన చెవికి ఆనించుకుంది. తీగ వెంబడే కళ్ళు కిందికి పోనిచ్చింది. నా నడుం దగ్గర ఆగింది.

"అదేంటి, మొలలో?"

"జాయింటు."

"జాయింటుకి చక్రం ఎందుకుంది బావా?"

లాగింది. లాగుతుండగానే హెడ్‌ఫోనులోంచి పద్యం గదంతా వినపడేలా లేచింది. మళ్ళీ నా మొల దగ్గర గుడ్డకి రాసింది. పద్యం మునిగిపోయింది. పైకి రాసింది, లేచింది. కిందికి రాసింది, మునిగింది. ఆ కాయకి పక్కనున్న గరుకు ఒక బుల్లి చక్రం. దోపుకునేటప్పుడు లుంగీ అంచు దాన్ని పూర్తిగా తగ్గించేస్తోంది. మావయ్య లేచి, లాగి నా చేతికిచ్చేటప్పుడు అదే అంచు పూర్తిగా పెంచేస్తోంది. నేను ప్యాంటువాణ్ణి, నాకు మొల లేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను మావయ్య మొలలో పెట్టించి, బల్లిని ఇల్లు వెళ్ళగొట్టి, నెమలిని చంపి, చివరికి ఆయన చెవుల్నే బలిచ్చాను.

సుధ హెడ్‌ఫోను నా మెడలో వేసి, వీధి తలుపు చూపించింది.

పరిగెత్తాను. ఒంటి మీద మావయ్య లుంగీ, మెడలో హెడ్‌ఫోను, వెనక తోకలా ఊగుతున్న తీగ. వాన తగ్గింది గాని వీధంతా బురద. టీకొట్టు అతను అలవాటుకొద్దీ "ఎక్కడికండీ!" అని అరిచాడు. "మావయ్యకి చెవుడు లేదండీ!" అని నేనూ అరిచాను. కాలవ అవతల ఎవరో "మంచిదండీ!" అన్నారు.

కొట్టు ముందు లారీ ఆగి ఉంది. షావుకారు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. కాయల గుట్ట దగ్గర మావయ్య లేడు. మావయ్య దగ్గర ఇరవయ్యేళ్ళుగా పనిచేస్తున్న సత్తెయ్య కాయ ఆడిస్తూ, ఏడుపు మొహంతో నిలబడ్డాడు.

"నాకన్నీ గడగడేనండి బాబూ" అన్నాడు నన్ను చూసి. "పెద్దాయన కాయ ముట్టుకోనంటున్నారండి."

మావయ్య లోపల అటక కింద, ఖాళీ గోనెల మీద కూర్చుని ఉన్నాడు. చెవుల్లో దూది. ఎదురుగా కూర్చున్నాను. దారిపొడుగునా కట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"మావయ్యా, నీ చెవులు బాగున్నాయి. అది జాయింటు కాదు. సౌండు తగ్గించే చక్రం. నువ్వు దోపుకున్నప్పుడల్లా తగ్గిపోయేది. నాకు తెలీక దోపుకోమన్నాను. తప్పు నీ చెవిది కాదు, నాది."

ఆయన ఒక చెవిలోంచి దూది తీశాడు. రెండోదాంట్లోంచీ తీశాడు.

"వినపడలేదా? మళ్ళీ చెప్పనా?" అన్నాను.

"వినపడిందిరా" అన్నాడు. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఈసారి సత్తెయ్య కూడా గుమ్మంలోంచి విన్నాడు. నాకు ఒక్క అనుమానం మిగిలింది.

"మరి ఆ రోజు నేను వెనకనుంచి గేదె కట్టు తెంచుకుందంటే పలకలేదేం?"

"మనకి గేదె ఎక్కడుందిరా? ఎవరిదో పోయిందనుకున్నాను."

"అంటే నీకు వినపడిందా? మరి ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వు చదువుకున్నోడివి కదా. నీకు తెలిసే అన్నావనుకున్నాను."

ఆ మాటకి నేను తల దించుకున్నాను. ఆ దించిన తల ఆయనకి సరిగ్గా అందుబాటులో ఉంది. మావయ్య లేచి, వేలి కణుపుతో నా నడినెత్తి మీద టకటకా రెండు కొట్టి, చెవి ఆనించి విన్నాడు. అప్పుడు ఆయన సత్తెయ్య వైపు తిరిగి, పాత గొంతుతో తీర్పు చెప్పాడు.

"కుళ్ళు కాదురా. వట్టి లేత. తీసుకెళ్ళి ఇంకో ఏడాది అటక మీద పడేయండి."

సత్తెయ్య నవ్వాడు, కాయలు వలిచే వలుపువాళ్ళు నవ్వారు, తెలుగు ఒక్క ముక్క రాని షావుకారు అందరికంటే గట్టిగా నవ్వాడు. సాయంత్రానికి లారీ నిండింది.

ఆ రోజు అక్కడే, గోనెల సాక్షిగా, కాయల సాక్షిగా నేను భీష్మించుకుని ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇక యంత్రానికి జబ్బు చేస్తే మనిషికి మందు వెయ్యను. పేరు తెలియని వస్తువుని జాయింటు అనను. బాగుచేసినదాన్ని లుంగీ కట్టుకుని కూర్చుని చూడకుండా బాగైందని చెప్పను. మొదటి రెండూ అప్పుడప్పుడు తప్పాను గాని, మూడోది ఇప్పటికీ నిష్ఠగా పాటిస్తున్నాను. అందుకే ఆఫీసుల వాళ్ళు నన్ను రిపేరుకి పిలవడం మానేశారు.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. మావయ్య నా నెత్తి మీద కొట్టి, విని, లేత అన్నాడే, అది నేను కల్పించింది. ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాను. మావయ్య ఉన్నన్నాళ్ళూ ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పినా పక్కనే కూర్చుని విని, ఒక్కసారీ కాదనలేదు. పైగా "ఎంత గట్టిగా కొట్టానో కూడా చెప్పు" అనేవాడు.

ఆ రోజు ఆయన ఏ జోకూ వెయ్యలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. భుజాలు కదులుతుంటే సత్తెయ్య అటు తిరిగి నిలబడ్డాడు. తర్వాత మావయ్య తువ్వాలు తీసి, గుట్టలోంచి ఒక కాయ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా ఆడించాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ విన్నాడు. అప్పుడు ఆ కాయని తెచ్చి నా చెవికి ఆనించాడు.

"ఓ పక్క ఇంకా చిప్పకి అంటుకునే ఉంది. వినపడుతోందా?"

నాకు గడగడ తప్ప ఏమీ వినపడలేదు.

"వినపడుతోంది మావయ్యా" అన్నాను.